ఇంగ్లండ్ పల్లెటూరి పబ్‌లో ల్యాండ్‌లార్డ్ అంటే ఎవరు?

పబ్ నడిపేవాళ్లని ల్యాండ్‌లార్డ్ అని ఎందుకంటారు, ఊళ్లో ఒక చిన్న పబ్‌కి చెప్పుకునేంత చరిత్ర ఏముంటుంది అని అడిగారు. నేను నాలుగేళ్లు ఇంగ్లండ్ నైరుతిలో ఉన్న ఎక్సెటర్ నగరంలో ఉద్యోగం చేశాను కాబట్టి చూసింది చెబుతాను.

మనకి ల్యాండ్‌లార్డ్ అంటే ఇల్లు అద్దెకిచ్చే ఆయన. పబ్ దగ్గర చాలాసార్లు ఇది తిరగబడుతుంది. భవనం బీరు కంపెనీది, ల్యాండ్‌లార్డ్ అందులో అద్దెకుండి వ్యాపారం చేస్తాడు, సరుకు కూడా ఆ కంపెనీ దగ్గరే కొనాలి. ఎవరి దగ్గరైనా కొనుక్కునే వీలుంటే బయట ‘ఫ్రీ హౌస్’ అని రాస్తారు. పూర్వం దారినపోయేవాళ్లకి బస ఇచ్చిన ఇంటి యజమానిని ల్యాండ్‌లార్డ్ అని పిలిచేవారు, ఆ పిలుపే నిలిచిపోయింది. ఆడవాళ్లయితే ల్యాండ్‌లేడీ.

ఇల్లు అన్నది ఊరికే అనలేదు. 1830లో వచ్చిన చట్టం ప్రకారం పన్ను కట్టే ఎవరైనా రెండు గినీలు (గినీ అంటే అప్పట్లో ఒక పౌండు కన్నా కాస్త ఎక్కువ) చెల్లించి బీరు అమ్ముకునే లైసెన్సు తీసుకునే వీలు కలిగింది. దాంతో ఎంతోమంది తమ ఇంటి ముందుగదినే బీరు కొట్టు చేసేశారు.

నాకు అది డ్రూస్‌టేన్‌టన్ వెళ్లాకే బాగా అర్థమైంది. ఎక్సెటర్ ఉన్న డెవన్ కౌంటీలోనే, డార్ట్‌మూర్ అనే బీడు కొండల ప్రాంతం అంచున ఉన్న పల్లె. చర్చి పక్కనే గడ్డికప్పుతో డ్రూ ఆర్మ్స్ అనే పబ్. నేను వెళ్లింది అసలు దగ్గర్లోని కాసిల్ డ్రోగో చూడటానికి. కిరాణా దుకాణాల వ్యాపారంలో బాగా సంపాదించిన జూలియస్ డ్రూ కోసం లట్యెన్స్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన కోట అది, 1911లో మొదలై 1930 దాకా సాగింది. ఢిల్లీలో మన నిజాం కోసం హైదరాబాద్ హౌస్ కట్టిందీ ఈ లట్యెన్సే. ఈ పబ్ పేరు అంతకుముందు డ్రూయిడ్ ఆర్మ్స్. డ్రూ కుటుంబం మీదుగా ఇప్పటి పేరు వచ్చింది.

కోట కన్నా నా మనసు పట్టేసింది పబ్బే. నేను మందు తాగను, నడిచి అలిసిపోయి లెమనేడ్ కోసం లోపలికి వెళ్లాను. బార్ కౌంటర్ కనపడలేదు. గోడలో ఒక చిన్న కిటికీ, దాని వెనక గదిలో బీరు పీపాలు, అక్కడి నుంచే గ్లాసు అందిస్తారు. ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లినట్టే ఉంది.

అలా మిగలడానికి కారణం మేబెల్ మడ్జ్. 1919లో భర్త ఎర్నెస్ట్‌తో కలిసి ఈ పబ్‌కి వచ్చింది. ఆయన పోయాక కూడా నడుపుతూనే ఉంది. 1994లో మానేసేనాటికి ఆమె వయసు 99. అప్పటికి 75 ఏళ్లుగా అదే పని! రెండేళ్లకి చనిపోయింది. ఊరివాళ్లు ఆంట్ మేబెల్ అనేవారట, మనం ఊళ్లో పెద్దావిడని అత్తా అని పిలుచుకున్నట్టు. ఆమె అన్నేళ్లూ కొత్త హంగుల జోలికి పోలేదు కాబట్టే నేను వెళ్లిన రోజుకి కూడా ఆ కిటికీ ఉంది.

ఆమె దిగిపోయాక పాత రూపం చెడకూడదని ఊరు గట్టిగా పట్టుబట్టింది. ఆ తర్వాతెప్పుడో పబ్ మూతపడితే ఊరివాళ్లే వాటాలు వేసుకుని కొనుక్కున్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఎక్సెటర్ వైపు వెళ్తే ఒక మధ్యాహ్నం దీనికి ఉంచుకోండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ముందు దగ్గర్లోని ఫింగిల్ బ్రిడ్జ్ అనే పాత వంతెన దాకా నదివెంట నడిచి, ఆకలయ్యాక పబ్‌కి రండి.