యూవియైటిస్ (కంటి లోపలి పొరల వాపు) ఉంది, సిఫిలిస్ రక్తపరీక్ష వీడీఆర్ఎల్ నాన్ రియాక్టివ్ (నెగెటివ్). ఇక సిఫిలిస్ (లైంగికంగా సోకే జబ్బు) కాదనుకోవచ్చా?

అనుకోకూడదు. మీ మామయ్యగారికి రెండు కళ్లలో యూవియైటిస్, స్టెరాయిడ్ వాడుతున్నా చూపు తగ్గుతూనే ఉందన్నారు. సిఫిలిస్‌ను అనుమానించాల్సిన తీరే ఇది.

వీడీఆర్ఎల్ రెండు చోట్ల తప్పుదోవ పట్టిస్తుంది. జబ్బు సోకి ఏళ్లు గడిస్తే టైటర్ (సీరాన్ని ఎంత పలచన చేసినా పాజిటివ్ వస్తుందో చెప్పే అంకె) దానంతటదే పడిపోయి నెగెటివ్ రావచ్చు. రెండోది ప్రోజోన్: యాంటీబాడీలు మరీ ఎక్కువైతే పలచన చేయని సీరం గుంపులు కట్టదు, స్లైడ్ శుభ్రంగా కనిపిస్తుంది. అదే సీరాన్ని 1:16 దాకా పలచన చేస్తే పాజిటివ్ బయటపడుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. ల్యాబ్‌కి ఫోన్ చేసి "డైల్యూట్ చేసి చూశారా?" అని అడగండి, చాలాచోట్ల అడిగితేగానీ చేయరు.

దాంతోపాటు టీపీహెచ్ఏ (సిఫిలిస్ సూక్ష్మజీవికి వచ్చే యాంటీబాడీలనే చూసే రక్తపరీక్ష) తప్పనిసరి. ఒకసారి పాజిటివ్ అయితే చికిత్స తర్వాత కూడా దాదాపు జీవితాంతం అలాగే ఉంటుంది. అందుకే గతంలో చికిత్స జరిగిందా, ఇప్పుడు కంట్లో ఏముంది అన్నవి కలిపి చూడాలి. మాక్యులా (రెటీనా మధ్యభాగం) దగ్గర పసుపు కలిసిన తెలుపులో పలకలాంటి మచ్చ ఉంటే అనుమానం బాగా బలపడుతుంది. ఆ మచ్చ లేనంత మాత్రాన సిఫిలిస్‌ను కొట్టేయడానికి లేదు, ఈ జబ్బు కంట్లో ఏ వేషమైనా వేస్తుంది.

వెన్ను నీరు తీయాలా? తలనొప్పి, మూతి వంకర, నడక తూలడం లాంటివి ఉంటే తీయాలి. రక్తపరీక్షలు పాజిటివ్ వచ్చి, కంటి డాక్టర్ లోపాన్ని నిర్ధారించి, నరాల లక్షణాలేమీ లేకపోతే వెన్ను నీరు తీయకుండానే చికిత్స మొదలుపెట్టొచ్చని 2021 సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) మార్గదర్శకాలు చెబుతున్నాయి. వెన్ను నీటిలో వీడీఆర్ఎల్ పాజిటివ్ అయితే, అందులో రక్తం కలవకుండా ఉంటే, నమ్మొచ్చు. నెగెటివ్‌ను మాత్రం నమ్మి కూర్చోకూడదు.

ఎక్కువగా జరిగే పొరపాటు చికిత్సలోనే. తుంటికి ఇచ్చే 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కటే కంటికి చాలదు, వెన్ను నీటిలోకి సరిపడా చేరదు. కంటి సిఫిలిస్‌కి న్యూరోసిఫిలిస్ (మెదడు, నరాలకు పాకిన సిఫిలిస్) కోర్సే: క్రిస్టలిన్ పెన్సిలిన్ 30-40 లక్షల యూనిట్లు 4 గంటలకోసారి నరానికి, 10-14 రోజులు, ఆసుపత్రిలో ఉండి. పెన్సిలిన్ లేకుండా స్టెరాయిడ్ మాత్రమే నడిపితే జబ్బు ముదురుతుంది. అలాగని స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టర్‌తో ఈ మాటే చెప్పండి. పెన్సిలిన్ మొదలుపెట్టిన 24 గంటల్లో జ్వరం, వణుకు వస్తే అది చాలావరకు సూక్ష్మజీవులు చనిపోతున్నందుకే, ఎలర్జీ అనుకుని మందు ఆపించొద్దు. దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే చెప్పాలి.

హెచ్ఐవీ పరీక్ష, అత్తయ్యగారికి కూడా రక్తపరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లో ఈ పరీక్షలకు గోప్యంగా దారి చూపిస్తారు. తర్వాత టైటర్ చూసేటప్పుడు అదే ల్యాబ్, అదే పరీక్ష. వీడీఆర్ఎల్ అంకెను ఆర్‌పీఆర్ (వీడీఆర్ఎల్ లాంటిదే మరో పరీక్ష) అంకెతో పోల్చకూడదు. 1:32 నుంచి 1:8కి, అంటే నాలుగో వంతుకు దిగితేనే తగ్గినట్టు లెక్క, 1:16 అయితే కాదు.