తెల్లబడిన పగడాల విషయమై

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫొటోలూ నిన్న రాత్రి చూశాను. హీటర్ థర్మోస్టాట్ చెడిపోయి, అక్వేరియంలో నీరు రెండు రోజులపాటు 31 డిగ్రీల దగ్గర ఉండిపోయిందనీ, తెల్లబడిన పగడాలన్నీ తీసి పారేసి కొత్తవి కొందామనుకుంటున్నావనీ రాశావు. దయచేసి ఏదీ పారేయవద్దు. తెల్లబడటం వేరు, చావటం వేరు. పగడం కండలో కంటికి కనబడని శైవలాలు (నాచుజాతి సూక్ష్మజీవులు) కాపురం ఉంటాయి. వెలుతురుతో అవి తయారుచేసే ఆహారమే దానికి ముఖ్యాధారం. వేడి మితిమీరినప్పుడు పగడం వాటిని బయటికి వెళ్ళగొడుతుంది కనుక, రంగు పోయిన పలుచని కండ గుండా లోపలి సున్నపు అస్థిపంజరం తెల్లగా కనబడుతుంది. నీ ఫొటోల్లో ఉన్నది చాలావరకు ఇదే.

దీపాలు ఆరిపోయిన గంట తర్వాత ఫోన్ టార్చి పక్కవాటుగా వేసి ఒక్కొక్కదాన్నీ చూడు. నోటి చుట్టూ సన్నని తంతువులు చాచి, వెలుతురు పడగానే ముడుచుకుంటే అది బతికే ఉంది. కండ లేక గరుకుగా తేలి, నాచు పట్టడం మొదలైన భాగం మాత్రం పోయినట్టే. కండ మొదలు దగ్గర్నుంచి పొరలుగా ఊడుతున్న కొమ్మ విషయంలో ఆలస్యం చేయకుండా, బాగున్న చోట అంగుళం ఎగువకు కత్తిరించి వేరే రాతిపై అతికించు.

ఇక మిగిలినవాటికి కావలసింది నిలకడ. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సాస్‌లో లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయినప్పుడు, మా ఇంట్లో అక్వేరియం నీరు 17 డిగ్రీలకు పడిపోయింది. పగడాలు ఆ చలిని తట్టుకున్నాయి. కరెంటు వచ్చాక ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, 6.5 డీకేహెచ్ (దాని కొలమానం) ఉందని టెస్ట్ కిట్‌లో చూసి, నేనే కంగారుపడి ఒక్క సాయంత్రంలో 9కి పెంచాను. తెల్లవారేసరికి అక్రోపోరా అనే కొమ్మల పగడంలో రెండు కొమ్మలు మొదలు దగ్గర కండ వదిలేశాయి. పంపు నీటి ఒరవడికి ఆ కండ దారాల్లా ఊగుతుంటే చూస్తూ నిలబడ్డాను. అందుకే చెబుతున్నాను, ఆల్కలినిటీని రోజుకు 0.5 డీకేహెచ్ కంటే ఎక్కువ కదపవద్దు. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల మధ్యా, ఉప్పదనం వెయ్యికి 35 పాళ్ళ దగ్గరా ఉంటే చాలు.

వెలుతురును సగానికి తగ్గించి, రెండు మూడు వారాల తర్వాత వారానికి పది శాతం చొప్పున పెంచు. శైవలాలు లేని పగడానికి ఎక్కువ వెలుతురు హానే చేస్తుంది. అది ఆకలితో ఉంటుంది కనుక, వారానికి రెండు రాత్రులు పంపులు పది నిమిషాలు ఆపి, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యజాతి) పిల్లలను సిరంజితో నోటి దగ్గర మెల్లగా వదులు. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దిగకుండా చూసుకో. నీరు మరీ శుభ్రమైతే తిరిగి వచ్చే శైవలాలకు పోషకాలు దొరకవు.

రంగు మొదట గోధుమవర్ణంగా వస్తుంది. అది చూసి బెంగపడవద్దు, అది శైవలాలు తిరిగి చేరుతున్న గుర్తు. నీలం, ఆకుపచ్చ ఛాయలకు ఇంకా కొన్ని నెలలు పట్టవచ్చు. ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి, ఒకే దీపం కింద ఫొటో తీసి నాకు పంపు. హీటర్‌తోపాటు, వేడి హద్దు దాటితే దాన్ని ఆపేసే వేరే కంట్రోలర్ కూడా ఈ వారమే పెట్టించు.

ఇట్లు,
మీ మామయ్య