మేనమామ తాజా రక్తం పాపకు ఎక్కించవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా పాపకు ఏడేళ్లు, తలసీమియా ఉంది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. గత రెండుసార్లూ సగం బ్యాగ్ ఎక్కేసరికి చలి, వణుకు మొదలై జ్వరం 101 దాకా వెళ్లింది. బ్యాగ్ మీద చూస్తే రక్తం తీసి 24 రోజులైంది. పాత రక్తం కాబట్టే పడట్లేదని ఇంట్లో అంటున్నారు. మా తమ్ముడిదీ పాపదీ ఒకే గ్రూపు. వాడి రక్తం అప్పటికప్పుడు తీసి ఎక్కించమని అడగొచ్చా?

సమాధానం: అమ్మా, బ్యాగ్ మీద తేదీ చూశారంటే పాపను ఎంత జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉన్నారో తెలుస్తోంది. కానీ మీ తమ్ముడి రక్తం మాత్రం వద్దు.

రక్తంతో పాటు దాత తెల్లకణాలు కూడా వస్తాయి. అవి బయటివాళ్లవైతే పాప శరీరం పరాయివని పసిగట్టి చంపేస్తుంది. దగ్గరి రక్తసంబంధీకులవైతే పోలికలు కలిసి, ఒక్కోసారి గుర్తుపట్టలేదు. అప్పుడవి ఒంట్లోనే పాతుకుపోయి చర్మం, కాలేయం, పేగులు, మూలుగ మీద దాడి చేస్తాయి. ఇది చాలా అరుదు. కానీ వస్తే పదిమందిలో తొమ్మిదిమంది దక్కరు. ఈ ప్రమాదం తాజా రక్తంతోనే ఎక్కువ, ఎందుకంటే ఫ్రిజ్‌లో రోజులు గడిచేకొద్దీ ఆ కణాలు చచ్చుబడతాయి. తప్పనిసరై సొంతవాళ్ల రక్తం ఇవ్వాల్సి వస్తే, ఆ బ్యాగ్‌కు రేడియేషన్ ఇచ్చి తెల్లకణాలు పెరగకుండా చేశాకే ఎక్కిస్తారు. తెల్లకణాలను వడకట్టే ఫిల్టర్ ఒక్కటే దీనికి చాలదు. పైగా రేపు పాపకు బోన్ మ్యారో మార్పిడి చేయించాలనుకుంటే, ఇంట్లోవాళ్ల రక్తం ముందే ఎక్కించి ఉండటం మంచిది కాదు. కొత్త మూలుగను శరీరం తిప్పికొట్టే అవకాశం పెరుగుతుంది.

ఇక నిల్వ సంగతి. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో, బ్యాగ్‌లో కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజుల వరకు ఉంచుతారు. ఆ రోజుల్లో కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది, కొన్ని కణాలు గట్టిపడి చితికిపోతాయి. మిగిలిన తెల్లకణాలు సైటోకైన్లనే రసాయనాలను వదులుతాయి. చలి, జ్వరం రావడానికి ఇవొక కారణం. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే పిల్లల్లో, దాత తెల్లకణాల మీద శరీరం ముందే తయారుచేసుకున్న యాంటీబాడీలు ఇంకో కారణం. అందుకే రక్తం తీసిన వెంటనే, నిల్వకు ముందే తెల్లకణాలు తీసేసిన బ్యాగ్ అడగండి. మంచం దగ్గర పెట్టే ఫిల్టర్ కణాలను ఆపుతుంది గానీ, అప్పటికే బ్యాగ్‌లో కలిసిపోయిన సైటోకైన్లను ఆపలేదు.

తాజాదైతే జ్వరం రాదనే నమ్మకం కూడా పరీక్షలో నిలబడలేదు. 2017లో వెలువడిన ట్రాన్స్‌ఫ్యూజ్ అధ్యయనంలో ఐసీయూలో ఉన్న దాదాపు 5,000 మందిని గమనించారు. సగం మందికి సగటున 12 రోజుల రక్తం, మిగతావాళ్లకు 22 రోజుల రక్తం ఇచ్చారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. జ్వరం రియాక్షన్లు మాత్రం తాజా రక్తం తీసుకున్నవాళ్లలోనే కాస్త ఎక్కువ కనిపించాయి. ఉగాండాలో తీవ్ర రక్తహీనత ఉన్న 290 మంది పిల్లలకు 25 నుంచి 35 రోజుల రక్తం ఇచ్చి చూసినా, 10 రోజుల్లోపు రక్తంతో సమానంగానే పనిచేసింది.

తలసీమియా పిల్లలకు రెండు వారాల్లోపు రక్తం దొరికితే మంచిదే. ఆ కణాలు ఒంట్లో ఎక్కువ రోజులు బతుకుతాయి, అందుకని. ఎర్రకణాల మీద యాంటీబాడీలు రాకుండా ఉండాలంటే తేదీ కంటే మ్యాచింగ్ ముఖ్యం. ఏ, బీ, ఓ, పాజిటివ్, నెగటివ్‌తో సరిపెట్టకుండా ఆర్‌హెచ్ గ్రూపులోని మిగతా యాంటిజెన్లు (ఎర్రకణాల మీద ఉండే గుర్తులు), కెల్ అనే మరో గుర్తు కూడా కలిసేలా చూడమనండి.

ఈసారి వణుకు మొదలైతే పారాసిటమాల్ వేసి ఎక్కించేద్దామని ఊరుకోకండి. గ్రూపు తేడా పడినా, బ్యాగ్‌లో బ్యాక్టీరియా చేరినా మొదట కనిపించేది ఇదే వణుకు. వెంటనే నర్సును పిలిచి రక్తం ఆపించండి. బ్యాగ్ పారేయనివ్వకండి, బ్లడ్ బ్యాంకుకు పరీక్షకు పంపాలి. ఇంటికెళ్లాక రెండు వారాల్లోపు కళ్లు పచ్చబడినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా, హిమోగ్లోబిన్ మూడు వారాలు నిలవకుండా ముందే పడిపోతున్నా కూంబ్స్ టెస్ట్ (ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే పరీక్ష), యాంటీబాడీ స్క్రీనింగ్ చేయించండి. ఏదైనా యాంటీబాడీ బయటపడితే దాని పేరు రాయించుకుని, పాప ఫైలు మొదటి పేజీలోనే పెట్టుకోండి.