టెక్ సందేహాలు: టర్బో డిక్కీ కింద, తలనొప్పి ల్యాప్‌టాప్‌లో

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. నాది 1.5 లీటర్ల పెట్రోల్ కారు, టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా తోసే పరికరం) లేదు. వెనక సైలెన్సర్ తీసేసి అక్కడ టర్బో బిగిస్తామని ఆటోనగర్‌లో ఒక షెడ్డు వాళ్లు అంటున్నారు. ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో) ఉన్న ఫైలు పంపితే ఆన్‌లైన్‌లో ఒకాయన ట్యూన్ చేసి ఇస్తాడట. ఆ ఫైలు తీసే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ కోసం ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ ఆపమంటే ఆపి ఎక్కించాను. కారు వివరాలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ డాంగిల్ కూడా కొని పెట్టాను. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: కారు మారుతుంది, ఊరు మారుతుంది, ఉత్తరం మాత్రం ఇదే. గుంటూరు నుంచీ వచ్చింది. అందరూ గొట్టాల గురించే అడుగుతారు. నా టెన్షన్ వాటి గురించి కాదు.

అయినా అడిగారు కాబట్టి చెబుతాను. బానెట్ కింద చోటు లేనప్పుడు టర్బోని వెనక పెట్టడం పిచ్చి ఆలోచనేమీ కాదు. అమెరికాలో దీనికి కిట్లే అమ్మారు. పొగ అంతదూరం వచ్చేసరికి చల్లబడి ఊపు తగ్గుతుంది, అందుకే టర్బైన్ (పొగతో తిరిగే చక్రం) హౌసింగ్ చిన్నది కావాలి. చిక్కంతా ఆయిల్‌తోనే. ముందున్న టర్బో నుంచి ఆయిల్ దానంతటదే ఇంజిన్ కింది చాంబర్‌లోకి జారుతుంది. వెనకది కిందకి ఉంటుంది కాబట్టి తోడి పంపడానికి కరెంటు పంపు పెట్టాలి. దాని ఫ్యూజు పోయిందా, టర్బోలో ఆయిల్ నిండి సైలెన్సర్ గొట్టంలోంచి పొగై పోతుంటుంది, మీరేమో పాటలు వింటూ వారధి దాటుతుంటారు. పంపు ఆగితే వెలిగే లైటు ఒకటి డాష్‌బోర్డు మీద పెట్టమనండి. గాలి ఫిల్టర్‌ని వెనక చక్రం పక్కన జానెడు ఎత్తులో పెడతామంటే మాత్రం, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

టర్బో లేని ఇంజిన్‌కి కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కే నిష్పత్తి) మామూలుగా 10:1 పైనే ఉంటుంది. మే నెల ఎండలో దానికి బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి ఒత్తిడి) ఎక్కిస్తే నాకింగ్, అంటే పెట్రోలు వేళకాని వేళ పేలడం, మొదలవుతుంది. పైగా ఇలాంటి బండ్లలో మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) చాలావరకు బయటి గాలి ఒత్తిడి దాకానే చదువుతుంది, బూస్ట్ సంగతి ఈసీయూకి తెలియనే తెలియదు. సెన్సర్ మార్చాలి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేయాలి, ఫైలు తిరగరాయాలి.

ఇక్కడ ఆగండి. ఆ ఫైలు రాసేది ఎవరు? పేరు తెలియదు, ముఖం తెలియదు, ఫోన్‌పే నంబరు ఒక్కటే తెలుసు. మీ ఈసీయూలోది మొత్తం కాపీ తీసి ఆయనకు పంపితే అందులో ఛాసిస్ నంబరు ఉండొచ్చు, కొన్ని బండ్లలో ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేనిదే బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) వివరాలూ ఉంటాయి. అంటే ఇంకో తాళంచెవి తయారుచేసుకోవడానికి కావలసిన సరుకు. ఇంటి తాళాన్ని ఇలా ఎవరికైనా పోస్టులో పంపుతారా? తిరిగొచ్చిన ఫైల్లో చెక్ ఇంజిన్ లైటు వెలగకుండా లోపాల కోడ్‌లు నొక్కేశారో లేదో మీరు కనిపెట్టలేరు. లైటు రావట్లేదు కదా, ట్యూనింగ్ బ్రహ్మాండం అనుకుంటారు.

డాంగిల్ సంగతి ఇంకా ఘోరం. అది పెట్టే ఓబీడీ సాకెట్‌కి (మెకానిక్ స్కానర్ తగిలించేది) తాళంచెవి తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది, కాబట్టి డాంగిల్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. చవక రకాలకు పాస్‌వర్డు 1234, లేదా 0000. మా సెల్లార్‌లో నిలబడి బ్లూటూత్ వెతికితే పక్కవాళ్ల కారు పలకరిస్తుంది! కారు లోపలి కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్ 1980లలో పుట్టింది. వచ్చిన సందేశం ఎవరు పంపారని అది అడగదు. 2015లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి సాకెట్‌లో పెట్టే పరికరానికే ఎస్ఎంఎస్ పంపి, నెమ్మదిగా వెళ్తున్న కారు బ్రేకులు పనిచేయకుండా చేసి చూపించారు. ఇన్నేళ్లయినా 1234 పెట్టి అమ్ముతున్న వాళ్లను ఏమనాలి?

కారు కంపెనీలనూ వదలను. తెరలు పెంచుతారు, పాటల యాప్‌కి నెలనెలా అప్‌డేట్ ఇస్తారు. ఈసీయూలో ఉన్నది కంపెనీ ఫైలా కాదా అని ఓనరుకు చెప్పే ముక్క ఒక్కటి తెర మీద ఉండదు. సమాచారం లేక కాదు. మంచి స్కానర్‌తో క్యాలిబ్రేషన్ ఐడీ (ఈసీయూ ఫైలు గుర్తింపు నంబరు), దాన్ని సరిచూసే సీవీఎన్ అనే సంఖ్య చాలా బండ్లలో చదవొచ్చు. షెడ్డుకు ఇచ్చే ముందు రెండూ ఫొటో తీసుకోండి, వచ్చాక పోల్చండి. ముదుర్లు దాన్నీ ఏమార్చగలరు, అయినా చాలామంది అంత కష్టపడరు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లూ ఈ పని చేయాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పుల్ని ఒప్పుకోదు. 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్లెయిమ్ వేళ ఇన్సూరెన్స్ వాళ్లు దీన్నే పట్టుకుంటారు. అందుకే రోడ్డు మీద తిరిగే బండికి నేను వద్దనే చెబుతాను.

టర్బో మాట ఎలా ఉన్నా, ఈ రాత్రికి ఒక పనుంది. యాంటీవైరస్ ఆపి దొంగ కాపీ ఎక్కించానన్నారు. అదే ల్యాప్‌టాప్‌లో నెట్ బ్యాంకింగ్ కూడా చేస్తుంటే, ముందు దాని వైఫై ఆపేయండి. ఫోన్‌లోంచి బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు మార్చండి. ఫొటోలు, కాగితాలు వేరే డ్రైవ్‌లోకి తీసుకుని విండోస్ మొత్తం కొత్తగా వేయించండి. డాంగిల్ పీకేసి సొరుగులో పడేయండి.