22 మ్యాచ్‌లకే అంత పేరా?

ప్రశ్న: మావాడు కాలేజీ రగ్బీ జట్టులో ఫార్వర్డ్ (ముందుండి బంతి కోసం తోసుకునే ఆటగాడు). స్కాట్లాండ్ ఆటగాడు డేవిడ్ బెడెల్-సివ్‌రైట్ అంటే ప్రాణం పెడతాడు. కానీ 1900 నుంచి 1908 వరకు ఆయన దేశానికి ఆడింది 22 మ్యాచ్‌లేనట. ఆడిన స్థానమేమిటో కూడా ఎక్కడా కనబడదు.
- ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: 22 తక్కువేమీ కాదమ్మా. అప్పట్లో స్కాట్లాండ్‌కు ఏడాదికి మూడే మ్యాచ్‌లు: ఇంగ్లండ్, వేల్స్, ఐర్లండ్‌లతో. ఫ్రాన్స్‌తో మొదలైంది 1910లో. తొమ్మిది సీజన్లకు 27, న్యూజిలాండ్ (1905), దక్షిణాఫ్రికా (1906) వచ్చినప్పుడు ఒక్కోటి. మొత్తం 29 మ్యాచ్‌లలో 22 ఆడాడు. ఒకే సీజన్‌లో ఆ మూడు పొరుగు జట్లనూ ఓడిస్తే దక్కేది ట్రిపుల్ క్రౌన్. 1901, 1903, 1907లో స్కాట్లాండ్ దాన్ని గెలిచింది, మూడుసార్లూ ఈయన జట్టులో ఉన్నాడు. నా దృష్టిలో 22 కంటే పెద్ద లెక్క ఇదే.

బ్రిటిష్ ఐల్స్ (ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్‌ల ఉమ్మడి) జట్టుకు ఆడినవి వేరే లెక్క, 22లో కలపకూడదు. 1904లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు ఆయనే కెప్టెన్. కాలు విరగడంతో ఆస్ట్రేలియాతో తొలి టెస్టు ఒక్కటే ఆడగలిగాడు. మిగతా టెస్టులకు టెడ్డీ మోర్గాన్ నాయకత్వం వహించాడు.

ఇక స్థానం. ‘ఫార్వర్డ్’ అని మాత్రమే ఉంటే అది రికార్డు లోపం కాదు. ఆనాటి ఎనిమిది మంది ఫార్వర్డ్‌లకు ఇప్పటిలా హుకర్, నంబర్ ఎయిట్ అని స్థిరమైన చోట్లు ఉండేవి కావు. స్క్రమ్ (బంతి కోసం రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు దూర్చి తోసుకునే గుంపు) దగ్గరికి ముందు చేరినవాళ్లు ముందు వరుసలో తల దూర్చేవారు, వెనక వచ్చినవాళ్లు వెనక తోసేవారు. స్కాట్లాండ్ వాళ్ల అసలు బలం బంతిని చేత్తో అందుకోకుండా కాళ్లతోనే తన్నుకుంటూ గుంపుగా దూసుకుపోవడం. ఇందులో బంతి అడుగు దూరం దాటకూడదు. దాటిందా, ఎదుటి ఫుల్‌బ్యాక్ (అందరికంటే వెనక కాపలా ఉండే ఆటగాడు) దానిమీద పడిపోతాడు, దాడి అక్కడితో సరి. మీవాడు ప్రయత్నిస్తే నడకతో మొదలుపెట్టమనండి. కోలగుండ్రని బంతి పక్కకు జారుతుంది కాబట్టి ఇద్దరు చెరోపక్క ఉండాలి.

బెడెల్-సివ్‌రైట్ వైద్యుడు కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళ సర్జన్‌గా టర్కీలోని గల్లిపోలి వెళ్లి, పురుగు కాటు విషమించి 1915 సెప్టెంబర్ 5న, 34 ఏళ్లకే పోయాడు. చాలా బాధాకరం.

ప్రశ్న: 1905లో న్యూజిలాండ్ 12-7తో స్కాట్లాండ్‌ను ఓడించింది. ఆ ‘7’ ఎలా వచ్చింది?
- ఒక పాఠకుడు, టి.నగర్, చెన్నై

జవాబు: అప్పుడు ట్రైకి (బంతిని ఎదుటి గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) 3 పాయింట్లు, డ్రాప్ గోల్‌కు (బంతిని నేలకు వదిలి, పైకి లేవగానే గోల్ కర్రల మధ్యకు తన్నడం) 4. స్కాట్లాండ్‌కు ఒక్కోటి వచ్చాయి. న్యూజిలాండ్‌వి నాలుగు ట్రైలు, ఒక్కదానికీ కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్‌కు తన్నే అదనపు అవకాశం) పడలేదు. ఇప్పుడు ట్రైకి 5, డ్రాప్ గోల్‌కు 3 కాబట్టి అదే ఆటకు 20-8 వస్తుంది. పాత స్కోర్లను ఇప్పటివాటితో నేరుగా పోల్చకండి.