స్పానిష్‌లో సణుగుడు, గొణుగుడు

ప్రశ్న: స్పానిష్‌లో సంభాషణ రాస్తే ప్రతి మాట వెనకా 'దిహో' (అన్నాడు) అనే వస్తోంది. గొణిగాడు, సణిగాడు లాంటి క్రియలు బట్టీ పడితే నాలుగు రోజుల్లో కలగాపులగం అవుతున్నాయి. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: అక్షరక్రమం జాబితా పక్కన పెట్టి, ఒక్కో క్రియను తెలుగు మాటతో జత కట్టండి. ఈ విషయంలో మన భాషకేం కరువు లేదు. 'మస్కుయార్' గొణగడం, మాట పళ్ల సందులోంచి రావాలి. 'రెఫున్‌ఫున్యార్' సణగడం, ఆ పదం పలుకుతుంటేనే మూతి ముడుచుకుంటుంది. 'చార్లార్' మన ముచ్చట పెట్టడమే. కొతొర్రా అంటే చిలక, దాన్నుంచి వచ్చిన 'కొతొర్రెయార్' సోది పెట్టడం. 'తర్తముదెయార్' నత్తిగా మాట్లాడటం. ఇంగ్లిష్ అలవాటులో ట, డ పలక్కండి, మన త, ద లే సరైనవి.

తికమక గుసగుసల దగ్గరే. 'సుసుర్రార్' ఒకరి చెవిలో మెల్లగా చెప్పడానికీ, ఆకుల సవ్వడికీ పనికొస్తుంది; అందులో 'ర్ర' గుర్రంలో ఉన్నంత గట్టిగా పలకాలి. 'కుచిచెయార్'లో మాత్రం పక్కవాళ్లకు వినపడకూడదన్న ఉద్దేశం ఉంటుంది. 'ముర్మురార్' ఊరికే గొణగడం కూడా, కానీ వెనక 'దె' చేర్చి మనిషి పేరు పెడితే, అతను లేనప్పుడు చెడుగా చెప్పుకోవడం అవుతుంది.

వారానికి ఐదు చాలు. మీ పాత సంభాషణ ఒకటి తీసి, పది 'దిహో'ల్లో రెండో మూడో మార్చండి. అన్నీ మారిస్తే నాటకంలా ఉంటుంది.

ప్రశ్న: 'గ్రున్యిర్' (గుర్రుమనడం) భూతకాలంలో 'గ్రున్యియో' అని రాస్తే తప్పన్నారు. ఎందుకు?
— ఒక విద్యార్థి, అమీర్‌పేట

జవాబు: 'గ్రున్యో' అని రాయాలి. 'ఎన్యె' అక్షరం మన ఞ లాంటిది, దానిలోనే య ధ్వని ఉంది. తర్వాత వచ్చే 'ఇ' దానిలో కలిసిపోతుంది. అందుకే 'గ్రున్యెరోన్' (వాళ్లు గుర్రుమన్నారు), 'గ్రున్యెందో' (గుర్రుమంటూ). 'నేను' రూపం 'గ్రున్యీ'లో మాత్రం 'ఇ' నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ ఊనిక దాని మీదే.

ప్రశ్న: 'తుతెయార్' కూడా మాట్లాడే తీరేనా?
— ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: అవును, ఎదుటివారిని 'తు', అంటే 'నువ్వు' అనడం. మనం ఏకవచనంలో మాట్లాడటం అంటామే, దానికి వాళ్లకు ఒక్క క్రియే ఉంది. అర్జెంటీనాలో 'తు' బదులు 'బొస్' అంటారు, దాని క్రియ 'బొసెయార్'. కొత్తవాళ్లతో, పెద్దవాళ్లతో ముందు 'ఉస్తెద్' అనండి. వాళ్లే 'తుతేయమె' (నన్ను నువ్వు అను) అన్నాక మార్చుకోవచ్చు.