ఎంబీబీఎస్ తర్వాత వైరస్‌ల పరిశోధనలోకి వెళ్తే రోగులను చూడటం మానేయాలా?

మీరు ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో ఉన్నానన్నారు. వైరస్ మన కణంలోకి దూరి ఏం చేస్తుందో పరిశోధించాలని ఉంది, కానీ వైద్యం వదులుకోవాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉందన్నారు. వదలక్కర్లేదు. అసలు వదలొద్దనే చెబుతాను. నేను జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసి, తర్వాత లివర్‌కు సోకే హెపటైటిస్ బి వైరస్ మీద పీహెచ్‌డీ చేశాను. ఇప్పటికీ ఓపీ, ల్యాబ్ రెండూ నడుస్తున్నాయి.

నన్ను ల్యాబ్ వైపు నడిపించింది ఓపీలో తరచూ వినే ప్రశ్నే: "ఈ మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలి డాక్టర్ గారూ?" హెపటైటిస్ బికి ఇచ్చే టెనోఫోవిర్ మాత్ర వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. ఆపేస్తే చాలామందిలో తిరిగి వస్తుంది. ఎందుకంటే ఈ వైరస్ తన డీఎన్ఏను లివర్ కణపు కేంద్రకంలో చిన్న వలయంగా చుట్టి ఉంచుకుంటుంది. మాత్ర కొత్త వైరస్‌ల తయారీని ఆపుతుందే తప్ప ఆ వలయాన్ని తీసేయలేదు. పొలంలో తుంగను పైపైన కోసినా గడ్డ నేలలోనే ఉంటుంది కదా అంటే రైతులకు వెంటనే అర్థమవుతుంది. అయితే పెళ్లి సంబంధం చూస్తుండగా పాజిటివ్ అని తెలిసిన అమ్మాయి "పూర్తిగా పోయే మందు లేదా సార్?" అని అడిగితే, అర్థమయ్యేలా చెప్పగలిగినంత మాత్రాన సరిపోదు. ఆ బాధే నన్ను పరిశోధనకు తీసుకెళ్లింది.

ఈ రంగంలో ఓపిక ఎంత కావాలో తెలియాలంటే ఒక్క విషయం చూడండి. హెప్‌జీ2 అనే లివర్ కణాలను ల్యాబ్‌లో సులభంగా పెంచవచ్చు. వైరస్ డీఎన్ఏను మనమే వాటిలోకి ఎక్కిస్తే అవి చక్కగా వైరస్‌ను తయారుచేస్తాయి. అదే వైరస్‌ను బయటినుంచి పోస్తే మాత్రం అంటుకోదు. ఏదో లోపించిందని అందరికీ తెలుసు, అదేమిటో దశాబ్దాలపాటు తేలలేదు. 2012లో బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం అది ఎన్‌టీసీపీ అని చూపించింది. పైత్యరస లవణాలను లివర్ కణంలోకి తీసుకునే మామూలు ప్రోటీన్ అది. దాన్ని హెప్‌జీ2 కణాల్లో పెట్టగానే వైరస్ లోపలికి వెళ్లింది. 2003లో సార్స్ వైరస్‌కు కణంలోకి దారి ఏసీఈ2 అనే ప్రోటీన్ అని కనిపెట్టిన బృందంలోనూ ఆయన ఉన్నారు. ఎన్‌టీసీపీని అడ్డుకునే బులెవిర్టైడ్ అనే మందుకు 2020లో యూరప్‌లో హెపటైటిస్ డి (బి వైరస్ ఉన్నవారికే సోకి, అదే దారిన కణంలోకి వెళ్లే మరో వైరస్) చికిత్స కోసం అనుమతి వచ్చింది. కణం మీద ఒక ప్రోటీన్‌ను గుర్తిస్తే రోగికి ఏం ఒరుగుతుందని అడిగేవారికి నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ఈ వైరస్ కథ మొదలైందీ ఒక డాక్టరుతోనే. బరూక్ బ్లంబర్గ్ వైద్యుడు, ఆక్స్‌ఫర్డ్‌లో బయోకెమిస్ట్రీ డాక్టరేట్ కూడా చేశారు. మనుషుల రక్త ప్రోటీన్లలో వారసత్వ తేడాలు చూస్తుంటే, ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్త నమూనాలో కొత్త యాంటిజెన్ (శరీరం పరాయిదిగా గుర్తించే పదార్థం) కనిపించింది. అది హెపటైటిస్ బి వైరస్‌దని తర్వాత తేలింది. 1976లో నోబెల్ ఇచ్చారు. ఆ యాంటిజెనే టీకాకు ఆధారం. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన టీకా కూడా దాన్ని ఈస్ట్ కణాల్లో తయారుచేసిందే.

ఇక దారి సంగతి. పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్-నెట్ రాయడానికి ఎంబీబీఎస్ సరిపోతుంది, కాబట్టి నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. అయినా ముందు ఎండీ చేయమనే నా సలహా. ఏ ప్రశ్న రోగికి ముఖ్యమో వార్డులోనే తెలుస్తుంది. ఎండీ థీసిస్‌ను మొక్కుబడిగా చేయకుండా, రక్త నమూనాలు, ల్యాబ్ పని ఉండే అంశం అడిగి తీసుకోండి. తర్వాత హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్ఐవీ, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) లాంటి చోట్ల మీ అంశం మీద ఎవరు పనిచేస్తున్నారో వెతకండి. హైదరాబాద్‌లోనే ఉన్న, పరిశోధనలకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ సంస్థ డాక్టర్ల కోసం ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు ఇస్తూ వచ్చింది, వాళ్ల ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

డబ్బు విషయంలో మెత్తగా చెప్పను. మీ బ్యాచ్‌వాళ్లు నర్సింగ్ హోమ్ పెట్టే వయసులో మీరు ఫెలోషిప్ మీద ఉంటారు. ఇంట్లో అప్పు ఉంటే ముందు అది తీరే దారి చూసుకోండి, అందులో తప్పేం లేదు. మరో కష్టం, కణాలకు ఆదివారాలు తెలియవు. ఇంక్యుబేటర్‌లో ఫంగస్ పడితే నెలల పని పోతుంది. అదే వారం ఓపీలో ఒక రోగి ఈ వైరస్ వల్ల వచ్చిన లివర్ క్యాన్సర్‌తో రావచ్చు. అలాంటప్పుడు మళ్లీ కణాలు పెంచడానికి నాకు వేరే కారణం అవసరం కాలేదు.

ఏ ల్యాబ్‌లో చేరే ముందైనా మీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో చూసుకోండి. టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీబాడీ పరీక్ష కూడా చేయించుకోండి, ఫలితం 10 mIU/mL దాటి ఉండాలి.